పనిముట్టు అను మాటయు, పదును అను మాటయు

సంఘపు సభలలోను, బ్యాంకు కాగితములలోను, రాయితీ దరఖాస్తులలోను, దుకాణపు రసీదులలోను ఇప్పుడు తఱచుగ కనవచ్చు ఇంగ్లీషు మాటలు కొన్ని కలవు. టూల్, ఇంప్లిమెంటు, ఇన్‌స్ట్రుమెంటు, మెషిను అనునవి వానిలో ముఖ్యములు. ఇవన్నియు స్థూలముగ మనము పనిముట్టు అను దానికే పేర్లు. అయినను ఒక్కొక్క మాటకు ఒక్కొక్క పుట్టుకయు, ఒక్కొక్క యర్థమును కలవు. ఇవి రైతు చేవ్రాలు చేయు కాగితములలోని మాటలు. చేవ్రాలు చేసిన పిదప తీర్చవలసిన బాకీ రైతుది. కావున ఈ మాటల యర్థము తెలిసికొనుట పండితుల వినోదము మాత్రమే కాదు. రైతునకును, సంఘ సభ్యునకును అవసరమైన పనియే యని మా యభిప్రాయము.

“మాటతో మాకేమి పని? పొలము దున్నునది మాట కాదు, మడక” అని కొందఱు పెద్దలు మాతో ననిరి. ఆ మాట కొంతవఱకు నిజమే. కాని మడక పొలమునకు వచ్చుటకు ముందు కాగితము మీదుగ వచ్చుచున్నది. మే మెఱిగిన యొక గ్రామమున ఒక రైతు తనకు విత్తనపు గొఱ్ఱు కావలెనని అడిగెను. అప్పు కాగితములో మాత్రము “వ్యవసాయ ఇంప్లిమెంట్సు, ఒక సెట్టు” అని వ్రాయబడెను. కొన్ని నెలలకు అతని యింటికి వచ్చినవి మందు కొట్టు యంత్రమొకటి, తట్టలు రెండు. గొఱ్ఱున కడిగిన సొమ్మంతయు అతని పద్దులో బాకీగ నిలిచెను. అడుగబోగా “ఇదియు ఇంప్లిమెంటే గదా” అని ప్రత్యుత్తరము వచ్చెను. ఆ ప్రత్యుత్తరము అబద్ధము కాదు. అబద్ధము కాకపోవుటయే అందలి చిక్కు. మాట విశాలమైనపుడు, వినువాడు తనకు కావలసిన దానిని తలచుకొనును. ఇచ్చువాడు తనవద్ద నున్న దానిని ఇచ్చును. ఇద్దఱిలో నష్టపోవువాడు అర్థము తెలియనివాడే.

మాటలు పశువులవలె దేశములు దాటిపోవును. మన జిల్లా పేరు బ్రెజిలు దేశమున ఒక పశుజాతికి పేరైనది. మన ఒంగోలు గిత్తల సంతతిని అచ్చట “నెలోరు” అని పిలుతురు. పేరు మనదే యైనను అచ్చటి రైతునకు నెల్లూరన్న ఊరు జ్ఞప్తికి రాదు, తెల్లని మూపురపుటెద్దు జ్ఞప్తికి వచ్చును. అట్లే ఇంగ్లీషు మాటలు మన యూరికి వచ్చినపుడు వాని వెంట వాని యర్థము పూర్తిగ రాలేదు. ఆ యర్థమును మనము వెదకి తెచ్చుకొనవలెను.

మొదట టూల్ అను మాటను చూతము. ఇది ఇంగ్లీషున వేయి యేండ్లకు పైబడిన పాతమాట. ప్రాచీనులు దీనిని “టోల్” అని దీర్ఘముగ పలుకుచుండిరి. దీని మొదటి భాగమునకు చేయుట, సిద్ధపఱచుట అని యర్థము. ఆ భాషకు బంధువైన గోతుల భాషలో “టౌయన్” అనగా చేయుట. చివరనున్న లకారము “దేనితో పని జరుగునో అది” అని చెప్పు ప్రత్యయము. ఇంగ్లీషులో ఈ లకారముతో ముగియు పనిముట్ల పేర్లు మఱికొన్ని కలవు. “షవ్” అనగా నెట్టుట. నెట్టెడు పారకు “షవల్” అని పేరు. “లేడ్” అనగా తోడుట. తోడెడు గరిటెకు “లేడిల్” అని పేరు. మన ఉదయగిరి కొయ్య గరిటెలు భౌగోళిక గుర్తింపు పొంది దూరదేశములకు పోవుచున్నవి. అవి కాగితముల మీద ఏ పేరుతో పోవునో తెలిసికొనగోరువారికి ఇది యుపయోగపడును. మనము తెనుగున ఇదేపనిని కోల, కఱ్ఱ మొదలగు మాటలను చేర్చి చేయుచున్నాము. తవ్వుకోల, ములుగఱ్ఱ అనునవి యట్టివి. కావున టూల్ అనగా “దేనితో సిద్ధపఱతుమో అది” అని తాత్పర్యము.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలెను. “టోల్” అను పాతరూపము విని, ఇది మన “తోలు” అను మాటయే యని ఎవరైన ననవచ్చును. మనము అరక తోలుదుము. కపిల బానకు తోలు కట్టుదుము. కావున పనిముట్టునకు తోలని పేరు వచ్చెనని కథ యల్లుట సులభము. కాని అది సత్యము కాదు. పోలిక వేఱు, చుట్టఱికము వేఱు. ఒకే ముఖకవళిక గల యిద్దఱు ఒక తల్లి బిడ్డలు కానక్కఱ లేదు. ఇంగ్లీషుననే చూడుడు: దున్ని సాగుచేయుటను “టిల్” అందురు, దాని నుండియే “టిల్లరు” వచ్చినది. టిల్, టూల్ అనునవి చెవికి అక్కచెల్లెండ్రవలె వినబడినను వానికి సంబంధము లేదు. టిల్ అను దాని మూలార్థము గుఱిపెట్టి ప్రయత్నించుట. మిషన్ పాఠశాలలో మాకు చదువు చెప్పిన పెద్దలు, మాట పుట్టుకను చెప్పునపుడు చెవిని గాక చరిత్రను నమ్మవలెనని చెప్పుచుండిరి. విత్తనము కొనునపుడు పొట్టును జూచి గాక మొలకను జూచి కొనుడని మేము మీతో చెప్పుటయు ఇట్టిదే.

కాని ఇందు నిజముగ మనలను ఆలోచింపజేయు సంగతి యొకటి కలదు. టూల్ అను మాట పుట్టిన ధాతువునుండియే ఇంగ్లీషున మఱియొక మాట పుట్టినది. పచ్చితోళ్లను పటిక మొదలగు వానితో మెత్తపఱచి పనికి వచ్చునట్లు చేయుటను వారు “టా” అందురు. అనగా టూల్ అను మాటకు, తోళ్లను సిద్ధపఱచు మాటకు తల్లి యొకతెయే. ఆ తోళ్ల పనిని మనము తెనుగున ఏమందుము? తోళ్లను పదును చేయుట యందుము. కొడవలి అంచును కమ్మరి కాల్చి సానపట్టినపుడు ఏమందుము? పదును పెట్టుట యందుము. వాన కురిసి నేల నాగటికి లొంగునట్లు మెత్తనైనపుడు ఏమందుము? పొలము పదునైనది యందుము. తోలునకును, ఇనుమునకును, మంటికిని మన పూర్వులు ఒకే మాట పెట్టిరి. మూడింటియందును ఉన్న భావము ఒకటే: పనికి తగిన స్థితికి వచ్చుట. ఇంగ్లీషువారు పనిముట్టును ఏ భావముతో చూచిరో, ఆ భావము మనకు పదును అను మాటలో ముందే కలదు. ఇవి ఒకదానినుండి యొకటి పుట్టినవి కావు. వేర్వేఱు దేశముల కష్టజీవులు ఒకే యనుభవమునుండి ఒకే తలంపునకు వచ్చిరి.

ఈ తలంపును సంఘములవారు మఱువరాదు. పనిముట్టునకు పదును, నేలకు పదును ఒకే దినమున కలియవలెను. మన సీతారామపురము చుట్టుపట్ల మెట్టపొలములు ఎఱ్ఱనేలలు. వెలిగొండల దాపున గులక యెక్కువ. వాన వచ్చిన పిదప నేల పదునుగ నుండునది కొలది దినములే. ఆ దినములలో గొఱ్ఱు చేతికందిన రైతునకు పంట. పదును పోయిన పిదప అందిన రైతునకు అప్పు. కావున సంఘము వద్ద పనిముట్లెన్ని యున్నవని కాదు, పదునుదినములలో ఎందఱికి అందినవని లెక్క చూడవలెను.

ఇక ఇంప్లిమెంటు. ఇది లాటిను భాషనుండి వచ్చినది. “ఇంప్లేరె” అనగా నింపుట, పూర్తిచేయుట. ఇంగ్లీషున మొదట ఈ మాట ఇంటికి కావలసిన సామానులకు వాడబడెను. ఏవి చేరిన ఇల్లు పూర్తియగునో అవి ఇంప్లిమెంట్సు. తరువాత వృత్తికి కావలసిన వస్తువులకు ఆ పేరు స్థిరపడెను. ఇదే మాట క్రియగ మాఱి, నెఱవేర్చుట, అమలు చేయుట అను నర్థమును పొందినది. మొదట స్కాట్లండు న్యాయశాస్త్రమున ఈ వాడుక బలపడెను. కావుననే అధికారులు పథకమును “ఇంప్లిమెంటు” చేయుదుమనుటయు, దుకాణదారు “ఇంప్లిమెంట్సు” అమ్ముదుననుటయు ఒకే మాటతో జరుగుచున్నవి. మన సంస్కృతపదము సాధనము దీనికి సరిగ సాటివచ్చును. సాధించునది, నెఱవేర్చునది సాధనము. కొఱతను నింపనిది, పనిని నెఱవేర్చనిది ఇంప్లిమెంటు కాదు. కొట్టములో త్రుప్పు పట్టియున్న కలుపుయంత్రము రసీదులో ఇంప్లిమెంటు కావచ్చును; మాట యొక్క యర్థమును బట్టి చూచిన అది ఇనుపముక్క.

ఇన్‌స్ట్రుమెంటు అను మాట మఱింత విచారింపదగినది. దీనికిని మూలము లాటినే. అమర్చుట, సిద్ధపఱచుట అని దాని తాత్పర్యము. వైద్యుని కత్తియు, గాయకుని వీణయు ఇన్‌స్ట్రుమెంట్లే. అయితే న్యాయస్థానములలో ఈ మాటకు దస్తావేజు అని యర్థము. ప్రోనోట్లు, హుండీలు, చెక్కులు మొదలగు వానిని గుఱించి 1881లో చేయబడిన చట్టము పేరులోనే ఈ మాట యున్నది. దస్తావేజు అను మనకు వాడుకైన పారసీక పదములో “దస్త్” అనగా చేయి. పనిముట్టు చేతిలోనిది, దస్తావేజును చేతిలోనిదే. కావున అప్పుతో గొఱ్ఱు తెచ్చుకొను రైతు ఒకేసారి రెండు పనిముట్లకు చేయి చాచుచున్నాడు. ఒకటి అతడు నేలమీద నడుపునది. రెండవది అతనిమీద నడుచునది. మొదటి దాని పండ్లు ఎన్నియో రైతు తడవి చూచును. రెండవదాని పండ్లను ఎవరును తడవి చూడరు. వడ్డీ యెంత, వాయిదా లెన్ని, తప్పిన నేమగును అనునవియే ఆ పండ్లు. రెండింటిని ఒకే శ్రద్ధతో చూడవలెనని మేము గట్టిగ చెప్పుచున్నాము.

ఇంజను అను మాటకు మూలమైన లాటిను పదమునకు సహజబుద్ధి అని యర్థము. మెషిను అను దానికి మూలమైన గ్రీకు పదమునకు ఉపాయము అని యర్థము. ట్రాక్టరు అనగా లాగునది. మన యంత్రము అను మాట “యమ్” ధాతువునుండి వచ్చినది; అదుపున నుంచునది అని భావము. వీనినన్నిటిని చేర్చి చూచిన, బుద్ధియు, ఉపాయమును, అదుపును మనుష్యునివి. లాగుట మాత్రము యంత్రమునిది అని తేలుచున్నది. బుద్ధిని గూడ యంత్రమునకు వదలి తాను వెనుక నడచువాడు నష్టపడును. లోతు దుక్కి మంచిదని వినినంతనే, పైమన్ను పలుచనై అడుగున సున్నపు గులక యున్న చేనిని ట్రాక్టరుతో తలక్రిందు చేయించిన రైతు, ఇంజను అను మాటలోని బుద్ధిని ఇంటివద్ద విడిచి వచ్చినవాడే.

పరదేశపు మాటలను గుఱించి యింత చెప్పితిమి. మన మాటలు వానికేమియు తీసిపోవు. ముట్టు అను మాట పనిముట్టను నర్థముతో తెనుగుననే గాక కన్నడమునను తమిళమునను గలదు. నాగలి అను మాటకు కన్నడపు నేగిలు, తమిళపు నాంజిల్, సంస్కృతపు లాంగలము దగ్గఱి రూపములు. లాంగలము ఋగ్వేదమునందే కనవచ్చుచున్నది. మన యూరి పేరులోనే వ్యవసాయము దాగియున్నది. సీత యనగా నాగటి చాలు. దున్నుచుండగా చాలున దొఱకిన బిడ్డ గనుక ఆ తల్లికి సీత యని పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సేద్యపు అధికారికి సీతాధ్యక్షుడని పేరు పెట్టబడెను. దున్ను యంత్రములకును, ఉపకరణములకును, ఎద్దులకును కొఱత కలుగకుండ చూచుట అతని విధి. అంతటితో చాలించక, కమ్మరి, వడ్రంగి, తాళ్లు పేనువాడు, తుదకు పాములు పట్టువాడు సైతము లేని కారణమున పని యాగరాదని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ పాములవానిని జూచి నవ్వరాదు. వర్షకాలమున గట్లవెంట తిరుగు మనకు అతని విలువ తెలియును. పనిముట్టు అనగా ఇనుము మాత్రమే కాదు, దానిని నిలిపియుంచు మనుష్యులు గూడనని ఆ కాలమువారు గ్రహించిరి.

మన పనిముట్ల పేర్లను ప్రోగుచేయు మహాకార్యము ఒకప్పుడు జరిగినది. ఒంగోలులో జన్మించిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు 1962లో మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును ప్రకటించిరి. అది యంతయు వ్యవసాయపదములే. పండితుల పుస్తకములనుండి గాక, జిల్లాలలో రైతుల నోట విన్న మాటలను అందు కూర్చిరి. ఒకే వస్తువునకు ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుండుట దానివలన లోకమునకు తెలిసెను. మనము కడపజిల్లా సరిహద్దున నుంటిమి. కొండ కావలివారు మడక యందురు, తూర్పువారు నాగలి యందురు, మన నోట రెండును వినవచ్చును. కఱ్ఱు, మేడి, కాడి, గుంటక, దంతె, గొఱ్ఱునకు విత్తులు పోయు జడ్డిగము — వీనిలో ప్రతిదానికి ఒక నిర్దిష్టమైన పని, ఒక నిర్దిష్టమైన పేరు. తెనుగు బైబిలులో కఱ్ఱునకు నక్కు అను మాట వాడబడెను. చిన్నతనమున ఆ మాట విని, ఇది మన కఱ్ఱే యని గ్రహించుటకు మాకు కొంతకాలము పట్టెను. ఇన్ని పేర్లు గల భాషను వదలి “ఇంప్లిమెంట్సు, ఒక సెట్టు” అని వ్రాసికొనుట, నిండుగాదె యుండగా తిరిపెమెత్తుట వంటిది.

పేరుతో పాటు గౌరవమును పోవుననుటకు గొఱ్ఱే సాక్షి. ఇంగ్లండున 1701 ప్రాంతమున జెత్రో టల్ అను నాతడు విత్తనపు గొఱ్ఱును నిర్మించెనని పాఠ్యపుస్తకములలో చదువుచున్నాము. కాని 18వ శతాబ్దపు చివర హాల్‌కాట్ అను ఇంగ్లీషు సైనికోద్యోగి దక్షిణదేశపు చేలలో గొఱ్ఱుతో విత్తుచుండుట చూచి, ఐరోపావారి నూతనకల్పన యని తాననుకొన్నది ఇచ్చట పూర్వమునుండి యున్నదని ఆశ్చర్యపడి సీమకు ఉత్తరములు వ్రాసెను. మన తాతలు దానిని అంతకు ముందే ఎన్నియో తరములుగ ఎఱుగుదురు. అయినను పాతదంతయు మంచిది, క్రొత్తదంతయు చెడ్డది యని మా భావము కాదు. 1903లో లక్ష్మణరావు కిర్లోస్కరుగారు ఇనుపనాగలిని చేసినపుడు, ఇనుము నేలకు విషమగునని రైతులు కొనుటకు జంకిరందురు. అమెరికాలో 1797లో చార్లెస్ న్యూబోల్డు పోతయినుప నాగలికి హక్కుపత్రము పొందినపుడు అచ్చటి రైతులును ఇట్లే భయపడిరని చెప్పుదురు. ఆ భయము రెండుచోట్లను నిలువలేదు. చేనిలో చూచిన పిదప పోయెను. క్రొత్తదానిని నమ్ముటకు గాని నిరాకరించుటకు గాని స్థలము చేనే, కాగితము కాదు.

టూల్ అను మాటకు మఱియొక యర్థము గలదు. ఒకని చేతిలో కీలుబొమ్మయై, తన కేమి జరుగుచున్నదో తెలియక వాని పనిని చేసిపెట్టు మనుష్యుని ఇంగ్లీషువారు మూడువందల యేండ్లకు పైగా టూల్ అని యెత్తిపొడుచుచున్నారు. ఈ యర్థమును సంఘసభ్యులు ప్రత్యేకముగ జ్ఞాపకముంచుకొనవలెను. సంఘము సైతము ఒక పనిముట్టే. సర్ ఫ్రెడరిక్ నికల్సనుగారు ఐరోపాలోని గ్రామబ్యాంకులను పరిశీలించి 1895-97లో మదరాసు ప్రభుత్వమునకు నివేదిక నిచ్చిరి. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. వడ్డీవ్యాపారి చేతినుండి రైతును విడిపించుటకు చేయబడిన పనిముట్టది. సహకారమను మాటకు కలిసి చేయుట యని యర్థము. పలువురు కలిసి పట్టవలసిన మేడిని ఒక్కరికి వదలి, మిగిలినవారు గట్టుమీద కూర్చున్న, సంఘము ఆ యొక్కరి పనిముట్టగును. సభ్యులు వారి టూల్సగుదురు. మహాజనసభకు పోక, తీర్మానము చదువక, ఇంటికి వచ్చిన పుస్తకములో చేవ్రాలు చేసి పంపు సభ్యుడు, తరువాత సంఘమును నిందించి లాభము లేదు.

2014-15లో కేంద్రప్రభుత్వము వ్యవసాయ యాంత్రీకరణకై ప్రత్యేక పథకమును ప్రారంభించినది మొదలు, రైతుసంఘములు అద్దెయంత్ర కేంద్రములను పెట్టుకొనుటకు మార్గమేర్పడెను. రెండు మూడెకరముల రైతు ట్రాక్టరు కొనుట కంటె అద్దెకు తెచ్చుకొనుటయే మేలు. ఈ యుద్దేశమును మేము పూర్ణముగ సమర్థించుచున్నాము. అయితే ఒక సంఘము అద్దె కొఱకు తెచ్చిన యంత్రము ఒక చిన్న పండ్లచక్రము విఱిగి, ఆ భాగము దొఱకక, పదును కాలమంతయు చింతచెట్టు క్రింద నిలిచియుండుట మేము చూచితిమి. పూర్వము ఇశ్రాయేలు దేశమున కమ్మరి లేకపోవుటచే, రైతులు తమ నక్కులను, గొడ్డళ్లను పదును పెట్టించుకొనుటకు శత్రువులగు ఫిలిష్తీయుల వద్దకు పోయి సొమ్ము చెల్లించుచుండిరని బైబిలు సమూయేలు గ్రంథమున గలదు. బాగుచేయు విద్య తన యూర లేని రైతునకు పనిముట్టు తనదైనను, దాని పదును పరులది. ఈ సంగతి నాటికిని నేటికిని ఒకటే.

కావున మన ప్రాంతపు సంఘములు ఈ క్రింది నియమములను తీర్మానరూపమున అంగీకరించుట యుక్తమని మా యభిప్రాయము.

మొదటిది. అప్పు కాగితములోను, రాయితీ దరఖాస్తులోను, సంఘపు చిట్టాలోను పనిముట్టు పేరు రైతు వాడు తెనుగు మాటతో స్పష్టముగ వ్రాయవలెను. గొఱ్ఱైన ఎన్ని పండ్లది, గుంటకైన ఎంత వెడల్పుది, పంపైన ఎంత శక్తిది, ధర యెంత, వెంట వచ్చు భాగములేవి అనునవి అందుండవలెను. “ఇంప్లిమెంట్సు”, “సెట్టు”, “వగైరా” అను మాటలున్న కాగితమున ఎవరును చేవ్రాలు చేయరాదు. చదువరాని సభ్యునకు కాగితమును ఇద్దఱు సాక్షుల యెదుట చదివి వినిపింపవలెను.

రెండవది. క్రొత్త పనిముట్టును కొనుటకు ముందు, సంఘములోని ముగ్గురు రైతుల చేలలో, వాన వెలిసి నేల పదునైనపుడు, నడిపించి చూడవలెను. ఒక చేను ఎఱ్ఱనేల, ఒకటి గులకనేల, ఒకటి చెఱువు క్రింది మాగాణి కావలెను. పట్టణపు మైదానమున నున్నగ నడచినది మన చేలలో నడచునని నమ్మరాదు.

మూడవది. కలుపు తీయుట, నాటుట, కోయుట అను పనులలో ఎక్కువ భాగము స్త్రీలది. తొలికయైనను కొడవలియైనను వారి చేతికి పిడి సరిపోవునా, ఎత్తు సరిపోవునా, దినమంతయు పట్టినను నడుము నిలుచునా అని వారినే అడిగి కొనవలెను. దున్నువాడు కఱ్ఱును చూచినట్లు, కలుపు తీయునామె దోకుడుపారను చూడదగును. పరీక్షదినమున వారిని గట్టుమీద నిలువబెట్టి మగవారే తీర్పు చెప్పుట న్యాయము కాదు.

నాలుగవది. ఏ యంత్రము విఱిగిన ఒక దినములో బాగుచేయించుకొనలేమో, అట్టి యంత్రమును కొనరాదు. అద్దె రాబడిలో కొంతభాగమును మరమ్మతుల కొఱకు ప్రత్యేకముగ నిలువచేయవలెను. గ్రామపు కమ్మరికి, వడ్రంగికి, వెల్డింగు చేయు కుఱ్ఱవానికి ఆ పనిలో మొదటి హక్కు నీయవలెను. కావలసిన శిక్షణకు సంఘమే పంపవలెను.

ఐదవది. పదునుదినములలో పనిముట్టు ఎవరికెప్పుడు అందునో తెలుపు వంతుల పట్టికను ముందే వ్రాసి సంఘపు గోడకు అంటింపవలెను. అధ్యక్షుల చేను మొదటిది కానక్కఱ లేదు. చిన్న కమతము గలవానికి ఎద్దులు గాని, ఎదురుచూచుటకు స్తోమత గాని తక్కువ. కావున అతని వంతు ముందుండుట ధర్మము.

ఈ నియమములలో ఖర్చు గలది ఏదియు లేదు. కావలసినది కాగితమును చదువు ఓపిక, సభకు వచ్చు అలవాటు, మన మాటను మనము వ్రాసికొను ధైర్యము. ఇంగ్లీషు మాట వాడరాదని మేము చెప్పుట లేదు. ట్రాక్టరును ట్రాక్టరందుము, పంపును పంపందుము. అవి మన నోటికి వచ్చి మనవైనవి. అర్థము మన చేతికి రాని మాటతో అప్పు చేయరాదని మాత్రమే మా వాదము.

కొడవలి అంచు మొద్దుబాఱినదో లేదో వ్రేలితో తాకి చూడనిదే రైతు చేనిలో దిగడు. రాబోవు మహాజనసభలో తమ సంఘపు కాగితములను గూడ సభ్యులట్లే తాకి చూచి, పైనియమములను గుఱించి తమ యభిప్రాయములను నిర్భయముగ చెప్పుదురుగాక యని మా మనవి.